ఇటాలియన్, ఐరిష్ పక్కపక్కన పెడితే: తెలుగు నోటికి ఏది దగ్గర, తెలుగు బుర్రకి ఏది దగ్గర?

#1 కాగితప్పడవ

ఈ రెండు భాషల్లో ఒకటి మొదలుపెట్టే ముందు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలనుంది. నెట్‌లో దొరికే పోలికలన్నీ ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసినవే. "ఇటాలియన్ తేలిక, ఐరిష్ కష్టం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ తేలికా కష్టమూ తెలుగు మాతృభాష అయినవాడికి కూడా అంతేనా? ఉచ్చారణ, వాక్యం, వ్యాకరణం, పదాలు, దేని గురించైనా ఉదాహరణలతో చెప్పండి. వేదిక నియమం గుర్తుందిగా, అంతా తెలుగు లిపిలోనే.

#2 గోంగూర_న్యోక్కి

నోటి వరకు ఇటాలియన్ మనకి అత్తారిల్లు కాదు, పుట్టిల్లే. తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అనడానికి చెప్పే కారణం రెండూ అజంత (మాటలు అచ్చుతో ముగిసే) భాషలు కావడం. కానీ నన్నడిగితే అంతకంటే పెద్ద లాభం ద్విత్వం. "పాల" అంటే పార, "పల్ల" అంటే బంతి. "కాస" ఇల్లు, "కస్స" డబ్బుల కౌంటరు. ఇంగ్లీషు వాళ్ళకి ఈ తేడా పలకడానికి నెలలు పడుతుంది. కల–కల్ల, గడి–గడ్డి అని పలికే నోటికి ఇది ఉచితం. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. వయసు చెప్పేటప్పుడు "అన్ని" (ఏళ్ళు) అనాలి. అందులో ఒక న మింగేస్తే మలద్వారాల లెక్క చెప్పినట్టవుతుంది.

మనవాళ్ళు తప్పేది దీర్ఘాల దగ్గర. మనకి హ్రస్వ దీర్ఘాలతో అర్థం మారుతుంది, వాళ్ళకి మారదు. ఊనిక పడిన (ఒత్తి పలికే) అక్షరం వెనక ద్విత్వంగానీ సంయుక్తంగానీ లేకపోతే అది దానంతట అదే సాగుతుంది. పదం చివరి అచ్చు ఎప్పుడూ పొట్టిదే. మనం "పిజ్జా", "పాస్తా" అంటాం. వాళ్ళు "పిత్స", "పస్త" అంటారు, రెండు చోట్లా చివర్న హ్రస్వం. ఆ చివరి ఆకారం సాగదీస్తే చాలు, కొత్తవాళ్ళని తెలిసిపోతుంది.

త, ద లు దంత్యాలే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ పెట్టకండి.

#3 అరసున్న

న్యోక్కి గారి మాటకి ఒక పొడిగింపు. ఇటాలియన్‌లో సి అక్షరం తర్వాత ఎ, ఇ వస్తే చ, మిగతా అచ్చులొస్తే క. జి కూడా అంతే, జ లేదా గ. ఎ, ఇ ల ముందు కూడా క, గ కావాలంటే మధ్యలో హెచ్ అడ్డం పెడతారు. లంబోర్గీని "జీని" కాకుండా "గీని" అయ్యింది అందుకే. బ్రుస్కెట్టని "బ్రుషెట్ట" అనేవాళ్ళకి ఈ ఒక్క సూత్రం చెబితే చాలు.

ఇదే గుణం ఐరిష్‌లో ఇంకా విస్తారంగా ఉంది. అక్కడ దాదాపు ప్రతి హల్లుకీ రెండు రూపాలు: ఆ, ఒ, ఉ ల పక్కన బరువుది, ఎ, ఇ ల పక్కన పలచనిది. బరువు స మన స. పలచన స మన ష/శ. "సూల్" (కన్ను) లో స, "షే" (అతను) లో ష, రెండిటికీ అక్షరం ఒకటే, ఎస్. మనకిది కొత్తేమీ కాదు. చిలుక, చెరువుల్లో తాలవ్య చ, చాప, చుక్కల్లో దంత్య ౘ. ఒకే అక్షరం రాసి, పక్క అచ్చుని బట్టి రెండు రకాలుగా పలుకుతున్నాం. కాకపోతే ఐరిష్‌లో ఆ తేడాతోనే అర్థం మారుతుంది. "బో" బరువు బ తో ఆవు. అదే పలచన బ తో, కొంచెం "బ్యో" లా, "బతికున్న" అని అర్థం.

ఐరిష్ స్పెల్లింగు చూసి జనం బెదిరేది ఇక్కడే. అందులో సగం అచ్చులు పలకడానికి కాదు, పక్క హల్లు బరువుదో పలచనదో చెప్పడానికే. వాళ్ళ బడి సూత్రం "పలచనికి పలచన, బరువుకి బరువు": హల్లుకి రెండు పక్కలా ఉన్న అచ్చులు ఒకే జాతివి కావాలి. ఈ సంగతి తెలిశాక ఎస్-ఐ-ఓ-బి-హెచ్-ఏ-ఎన్ "షివాన్" ఎలా అయ్యిందో తేలిగ్గానే విప్పుకోవచ్చు. ఎస్ తర్వాత ఐ ఉంది కాబట్టి ష. బి-హెచ్ అంటే వ. దాని ముందున్న ఓ, వెనకున్న ఏ కి జోడీ కోసం పెట్టిన కాపలా.

#4 కాగితప్పడవ

ఇంతవరకు అర్థమైంది. కానీ ఐరిష్‌లో పదం చివర కాకుండా మొదలు మారుతుందట కదా. "అతని పిల్లి, ఆమె పిల్లి, వాళ్ళ పిల్లి" మూడూ మూడు రకాలట. ఇది వింటేనే భయమేస్తోంది. నిఘంటువులో మాట వెతుక్కోవడం ఎలా?

#5 శకటరేఫ

భయం ఎందుకండీ, ఎనిమిదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టిన సంధులే ఇవి. నెమ్మదిగా చూద్దాం.

పిల్లి "కత్". అతని, ఆమె, వాళ్ళ, ఈ మూడిటికీ ఐరిష్‌లో మాట ఒక్కటే, "అ". తేడా అంతా పిల్లి నెత్తిన పడుతుంది.

అతని పిల్లి: అ ఖత్ (ఖ ని ఉర్దూ "ఖబర్" లో లాగా గొంతు రాపిడితో)
ఆమె పిల్లి: అ కత్
వాళ్ళ పిల్లి: అ గత్

తండ్రి "అహిర్". అచ్చుతో మొదలయ్యే మాట కాబట్టి ఇంకో మూడు రూపాలు: అతని తండ్రి "అ అహిర్", ఆమె తండ్రి "అ హహిర్", వాళ్ళ తండ్రి "అ నహిర్".

ఈ హ, న లు ఎక్కడివి? సంస్కృతం తెలిసినవాళ్ళకి జవాబు చేతిలోనే ఉంది. అస్య (అతని), అస్యాః (ఆమె), ఏషామ్ (వాళ్ళ). ఐరిష్ పూర్వరూపాలు వీటికి తోబుట్టువులు. మొదటిది అచ్చుతో ముగిసేది, రెండోది స కారంతో, మూడోది అనునాసికంతో. తరాలు గడిచేసరికి మూడూ అరిగి "అ" అయిపోయాయి. కానీ పోతూ పోతూ వెనక మాట మీద గుర్తు వదిలాయి. అచ్చు తర్వాత క మెత్తబడి ఖ అయ్యింది. స కారం హ గా మిగిలి అచ్చు ముందు మాత్రం వినిపిస్తుంది, మన విసర్గే. అనునాసికం తర్వాత క నాదం పుంజుకుని గ అయ్యింది.

ఇప్పుడు చిన్నయసూరిని తెరవండి (బాలవ్యాకరణం, 1858). ప్రథమ మీది పరుషాలకి (క చ ట త ప లకి) గ స డ ద వ లు బహుళంగా వస్తాయి: వాడు + కొట్టె = వాడుగొట్టె. ద్వంద్వంలో కూర + కాయ = కూరగాయలు, అన్న + తమ్ముడు = అన్నదమ్ములు. అచ్చుల మధ్య చిక్కిన పరుషం మెత్తబడటం. ఐరిష్‌వాళ్ళు మెత్తబడటాన్ని "షేవూ" అంటారు, అదీ ఈ కుటుంబమే. ఇక ద్రుతం: పూచెన్ + కలువలు = పూచెఁగలువలు. న కారంతో ముగిసిన మాట తర్వాత క, గ అయ్యింది. అదే అచ్చు ముందైతే న బయటపడుతుంది: వచ్చెన్ + అతడు = వచ్చెనతడు. "అ గత్", "అ నహిర్" లు సరిగ్గా ఇలాంటివే. వాళ్ళ మాటలో దీని పేరు "ఉరూ".

ద్రుతప్రకృతికాలు (చివర న కారం ఉన్నవి), కళలు (లేనివి) అని మనం మాటల్ని రెండుగా విడదీశామా? ఐరిష్‌లో మూడు: మెత్తబరిచేవి, అనునాసికం చేసేవి, ఏమీ చేయనివి. ఏ మాట ఏ జాతిదో తెలిస్తే సగం వ్యాకరణం వచ్చినట్టే. అంకెల్లో కూడా చూడండి. 1 నుంచి 6 వరకు మెత్తబరుస్తాయి, 7 నుంచి 10 వరకు ఉరూ: "త్రీ ఖత్" 3 పిల్లులు, "షఖ్త్ గత్" 7 పిల్లులు. లాటిన్‌లో 7, 9, 10 "సెప్తెమ్, నొవెమ్, దెకెమ్" అని మ కారాంతాలు. 8 కి ఆ మ కారం లేదు, ఇరుగుపొరుగుని చూసి నేర్చుకుంది.

నిఘంటువు సంగతి. ఉరూ రాసేటప్పుడు పాత అక్షరాన్ని తుడిచెయ్యరు, కొత్తది ముందు అతికిస్తారు. "గత్" ని జి-సి-ఏ-టి అని రాస్తారు, సి మూగబోతుంది. మెత్తబడితే అక్షరం వెనక హెచ్ చేరుతుంది. కాబట్టి రెండో అక్షరం హెచ్ అయితే (బి-హెచ్-ఎఫ్ కాకపోతే) దాన్ని తీసెయ్యండి. జి-సి, బి-పి, డి-టి, ఎమ్-బి, ఎన్-డి, ఎన్-జి, బి-హెచ్-ఎఫ్ లాంటి వింత జంట కనిపిస్తే చివరిదే అసలు అక్షరం. ఊళ్ళ పేర్లలో ఇంకా సుళువు, అసలు అక్షరమే పెద్దబడిలో (క్యాపిటల్‌గా) ఉంటుంది. కార్క్‌లో అనడానికి చిన్న జి పక్కన పెద్ద సి రాస్తారు.

#6 పడమటిగాలి

శకటరేఫ గారూ, పోలిక బాగుంది కానీ మరీ బిగించి కట్టారు. మూడు తేడాలు చెప్పకపోతే కొత్తవాళ్ళు దారి తప్పుతారు.

మన గసడదవలు "బహుళం". వాడు కొట్టె అన్నా తప్పు కాదు. ఐరిష్‌లో వికల్పం లేదు. "అ కత్" అంటే ఆమె పిల్లి, "అ ఖత్" అంటే అతని పిల్లి, అంతే. మనకి సంధి సొగసు, వాళ్ళకి అదే అర్థం.

రెండోది, మన ఆదేశం పరుషాల మీదే. ఐరిష్ ఉరూ బ, ద, గ లని కూడా వదలదు, అవి ఏకంగా అనునాసికాలైపోతాయి. "బాద్" పడవ, వాళ్ళ పడవ "అ మాద్". గాల్వే ఊరి పేరు "గల్యివ్", గాల్వేలో అంటే "ఇ ఙల్యివ్". ఆ ఙ ని పదం మొదట్లో పలకడం మనకీ అలవాటు లేదు. "అంగడి" అని మెల్లగా మొదలుపెట్టి గ దాకా వెళ్ళకుండా ముక్కులోనే ఆపితే నాలుక చోటు దొరుకుతుంది.

మూడోది, మెత్తబడటంలో ఎఫ్ పూర్తిగా మాయమవుతుంది, త, స రెండూ హ అయిపోతాయి. గసడదవల్లో ఇలాంటివి లేవు.

అయితే ఇటాలియన్‌ని మరీ అమాయకురాలిగా వదిలేశారు! అక్కడా దయ్యాలున్నాయి. ఫ్లోరెన్స్, రోమ్ వైపు "ఇంటికి" అనడానికి రాసేది "ఆ కాస", పలికేది "అక్కాస". 3 కుక్కలు "త్రె క్కాని". ఆ ద్విత్వం ఎక్కడిదంటే, "ఆ" ఒకప్పుడు లాటిన్ "అద్", "త్రె" ఒకప్పుడు "త్రేస్". పోయిన హల్లు వెనక మాటని రెట్టించి పోయింది. అతుక్కుపోయిన మాటల్లో ఈ ద్విత్వం రాతలోకీ ఎక్కింది: "దవ్వేరొ" (నిజంగానా), "సొప్రత్తుత్తొ" (ముఖ్యంగా). మిలాన్, వెనిస్ వైపు వాళ్ళు మాట్లాడేటప్పుడు దీన్ని పాటించరు. పాటించకపోయినా పరీక్షలో మార్కులు పోవు.

ఇంకా విడ్డూరం టస్కనీలో (ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతమే). అచ్చుల మధ్య క, హ అయిపోతుంది. "లా కాస" (ఇల్లు) "లా హాస" అవుతుంది. కోకా కోలా "లా హోహా హోలా" అవుతుంది. ఐరిష్ మెత్తబడటం పుట్టిన తీరు ఇదే. ఐరిష్‌లో అది వ్యాకరణం అయ్యింది, టస్కనీలో యాసగా మిగిలింది.

#7 అరసున్న

ఒప్పుకుంటున్నా. ఆ వరసలోనే ఇంకోటి. తెలుగులో బస్ వచ్చి బస్సు అయ్యింది, హల్లు రెట్టించి చివర అచ్చు. ఫ్లోరెన్స్ పాత మాటలో ట్రామ్ "త్రమ్మె" అయ్యింది. అచ్చం మన వైద్యమే.

ఐరిష్‌వాళ్ళది ఇంకో వైద్యం. ర, ల, న ల పక్కన కొన్ని హల్లులు ఆనుకుంటే మధ్యలో అచ్చు దూరుస్తారు. నీలం రాతలో "గొర్మ్", నోట్లో "గొరమ్". అదే అలవాటుతో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడూ ఫిల్మ్‌ని "ఫిలం" అంటారు. మనమూ అంతేగా!

#8 శకటరేఫ

వాక్యానికొద్దాం. ఇక్కడ ఇటాలియన్ దూరం జరిగి ఐరిష్ మన పక్కన కూర్చుంటుంది, కాకపోతే అద్దంలో.

తెలుగులో క్రియ చివర, ఇటాలియన్‌లో మధ్యలో, ఐరిష్‌లో మొదట. ఐరిష్ వాక్యం ఒకటి తీసుకుని మాటకి మాట రాస్తా:

తా – హత – దువ్ – ఎర్ – ఆర్ – అన్ తీ
ఉంది – టోపీ – నల్లని – మీద – మనిషి – ఇంటి

కుడి నుంచి ఎడమకి చదవండి: ఇంటి మనిషి మీద నల్లని టోపీ ఉంది. ఇంటాయన నల్ల టోపీ పెట్టుకున్నాడని భావం. విశేషణం, షష్ఠి, విభక్తి, క్రియ అన్నీ సరిగ్గా తిరగబడి ఉన్నాయి. ప్రతి వాక్యమూ ఇంత శుభ్రంగా తిరగబడదు, కానీ మొదటి 2, 3 నెలల పాఠాల్లో చాలా వాక్యాలకి ఈ కిటుకు పనిచేస్తుంది.

ఇంకా ముఖ్యమైనది: ఐరిష్‌లో "కలిగి ఉండు" అనే క్రియ లేదు. "తా ల్యవర్ అగమ్": ఉంది పుస్తకం నా దగ్గర. "తా ఒక్రస్ ఒరమ్": ఉంది ఆకలి నా మీద. "ఇస్ మా లుమ్ తే": టీ నాకు ఇష్టం. ఇంగ్లీషు వాడికి ఇది తలకిందుల ప్రపంచం. మనకి "నాకు ఆకలిగా ఉంది, నా దగ్గర పుస్తకం ఉంది" అలవాటే. ఇటాలియన్ మాత్రం "ఒ ఫామె", నేను ఆకలిని కలిగి ఉన్నాను అంటుంది.

అవును, కాదు అనే మాటలు కూడా ఐరిష్‌లో లేవు. "అన్ ఓలన్ తూ తే?" (టీ తాగుతావా?) "ఓలిమ్" (తాగుతాను) లేదా "నీ ఓలిమ్" (తాగను). క్రియే జవాబు. మనకి అవును, కాదు ఉన్నా ఇంట్లో వాడేది "తాగుతా", "వద్దు" లేగా.

#9 గోంగూర_న్యోక్కి

ఇటాలియన్ తరఫు వకీలుగా రెండు మాటలు. "మి ప్యాచె ఇల్ తె" లో "మి" అంటే నాకు. ఇష్టపడటం అక్కడా చతుర్థితోనే. "మి ప్యాచ్చొనొ ల్యి స్పగెత్తి" అనేటప్పుడు స్పగెత్తి బహువచనం కాబట్టి క్రియ కూడా బహువచనం. "నాకు నువ్వు నచ్చావు" లో క్రియ నువ్వుతో కలిసినట్టే. కర్త సర్వనామం వదిలెయ్యడం కూడా ఉంది. క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది: పార్లొ, పార్లి, పార్ల, మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు.

మర్యాద విషయంలో ఐరిష్ మనకి ఏమీ ఇవ్వదు. పిల్లవాడైనా ప్రధానమంత్రి అయినా "తూ". ఇటాలియన్‌లో "తు" నువ్వు, "లెయ్" మీరు. "లెయ్" తో క్రియ ప్రథమ పురుష ఏకవచనంలో పెట్టాలి, మనవాళ్ళు ఇక్కడే బహువచనం వాడి తప్పుతారు. దక్షిణ ఇటలీలో పెద్దల్ని "వొయ్" అనడం ఇంకా వినిపిస్తుంది. అది అచ్చంగా మన "మీరు", క్రియ కూడా బహువచనమే.

నిజమైన ఇబ్బందులు దాచను. వస్తువులకి లింగం. మనకి మహత్తు (మగవాళ్ళు), అమహత్తు (మిగతావి) తప్ప కుర్చీ ఆడా మగా అనే గొడవ లేదు. "ఒ" తో ముగిస్తే పుంలింగం, "అ" తో ముగిస్తే స్త్రీలింగం అని నేర్పుతారు. కానీ "మానొ" (చెయ్యి) స్త్రీలింగం, "ప్రొబ్లేమ" పుంలింగం. ఉపపదాలు 7 రూపాలు: ఇల్, లొ, ల్, లా, ఇ, ల్యి, లె. పుంలింగమైతే స + హల్లు, త్స, ఞ ముందు "లొ" రావాలి: లొ స్తుదెంతె, లొ త్సీయొ. జరిగిపోయిన పని చెప్పడానికి రెండు సహాయక క్రియలు. తిన్నాను "ఒ మంజాతొ", వెళ్ళాను "సొనొ అందాతొ". చెప్పేది ఆడమనిషి అయితే "అందాత". ఈ మూడింటి మీద మొదటి ఆరు నెలలు పెట్టినా తక్కువే.

ఐరిష్‌లోనూ లింగం ఉందని మరిచిపోకండి. "కల్యీన్" అంటే అమ్మాయి, వ్యాకరణంలో పుంలింగం!

#10 పడమటిగాలి

క్రియల దగ్గర ఐరిష్ చవక. అపసవ్య క్రియలు (మామూలు సూత్రాలకి లొంగనివి) 11 మాత్రమే: ఉండు, చేయి, చెప్పు, చూడు, విను, తిను, ఇవ్వు, పొందు, పట్టుకో, రా, వెళ్ళు. మనకి "రా" వచ్చి "వచ్చాను" అయినట్టే వాటిలో కొన్ని వేరే ధాతువు తెచ్చుకుంటాయి. ఇటాలియన్‌లో అపసవ్యాలు దీనికి ఎన్నో రెట్లు.

ఐరిష్‌లో మనకి ఇంకో చుట్టరికం. వస్తువుల్ని లెక్కపెట్టే అంకెలు వేరు, మనుషుల్ని లెక్కపెట్టేవి వేరు. బెర్త్ ఇద్దరు, త్రూర్ ముగ్గురు, కూగ్యర్ ఐదుగురు, షెషర్ ఆరుగురు, షఖ్తర్ ఏడుగురు. పది మంది దాకా ఇలా మాటలున్నాయి. ఇద్దరు కొడుకులు "బెర్త్ వక్", రెండు పిల్లులు "గా ఖత్". ఇద్దరు కొడుకులకి వస్తువుల అంకె పెడితే "రెండు కొడుకులు" అన్నంత ఎబ్బెట్టు. ఇటాలియన్‌కి ఈ పట్టింపే లేదు, "దూయె" అంటే దేనికైనా రెండే.

#11 కాగితప్పడవ

పదాల్లో రెండిటికీ చుట్టరికం ఉందా?

#12 అరసున్న

రెండు దారుల్లో ఉంది. మొదటిది పుట్టుకతో వచ్చినది. రాజు ఇటాలియన్‌లో "రె", ఐరిష్‌లో "రీ". తండ్రి "పాద్రె", "అహిర్". చేప "పెషె", "ఇయస్క్". చివరి రెండింటిలో ప ఏమైందని అడక్కండి. కెల్టిక్ భాషలు (ఐరిష్ కుటుంబం) పాత ప ని మొత్తం పోగొట్టుకున్నాయి. పితృలో ప ఉంది, అహిర్‌లో లేదు.

రెండోది చర్చి దారిన వచ్చిన లాటిన్. పుస్తకం "లీబ్రొ", "ల్యవర్". బడి "స్క్వోల", "స్కెల్". ద్రాక్షసారా "వీనొ", "ఫీన్". తొలిరోజుల్లో ఐరిష్ నోటికి ప పలకలేదు కాబట్టి క పెట్టుకున్నారు: ఈస్టర్ ఇటాలియన్‌లో "పాస్క్వ", ఐరిష్‌లో "కాష్క్". తర్వాత ప అలవాటైంది. ముద్దుని "పోగ్" అంటారు, అది లాటిన్ "పాకెమ్", శాంతి. చర్చిలో ఒకరికొకరు శాంతి చెప్పుకుంటూ పెట్టుకునే ముద్దు నుంచి వచ్చింది.

వారాలు చూడండి. ఇటాలియన్ శనివారం "సాబతొ", యూదుల విశ్రాంతి దినం. ఐరిష్ "సహర్న్", శనిగ్రహం, అంటే మన శనివారమే. ఐరిష్ శుక్రవారం పేరుకి అర్థం ఉపవాసం, బుధవారానికి "తొలి ఉపవాసం", గురువారానికి "రెండు ఉపవాసాల నడిమి రోజు". ఇటాలియన్ శుక్రవారం మాత్రం వీనస్ పేరే పెట్టుకుని కూర్చుంది.

ఇంకో తమాషా. ప్రాచీన ఐరిష్ ఎలా ఉండేదో తెలియడానికి ముఖ్యమైన ఆధారాల్లో కొన్ని ఇటలీలోనే ఉన్నాయి. ఐరిష్ సన్యాసి కొలంబానుస్ 614లో ఉత్తర ఇటలీ బొబ్బియోలో మఠం పెట్టాడు. అక్కడి లాటిన్ ప్రతుల అంచుల్లో, వరసల మధ్య సన్యాసులు ఐరిష్‌లో అర్థాలు రాసుకున్నారు. ఆ ప్రతి ఒకటి ఇప్పుడు మిలాన్ అంబ్రోసియానా గ్రంథాలయంలో ఉంది. దాన్ని అచ్చుకి సిద్ధం చేసినవాళ్ళలో గ్రాత్సియాదియొ అస్కొలి ఒకడు. ఇటలీ మాండలికాల శాస్త్రానికి పునాది వేసింది కూడా ఆయనే.

#13 పడమటిగాలి

మాట్లాడే జనం సంగతి కూడా తూచుకోండి. 2022 ఐర్లండ్ జనగణనలో ఐరిష్ వచ్చని రాసుకున్నవాళ్ళు 18,73,997 మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968. అంటే డబ్లిన్ వీధిలో నిలబడితే వినపడదు. డోనెగల్, గాల్వే, కెర్రీ పడమటి అంచుల్లో గేల్తాఖ్త్ అనే ప్రాంతాలకి వెళ్ళాలి, లేదా 1972 నుంచి నడుస్తున్న రాదియో న గేల్తాఖ్తా, 1996లో మొదలైన ఐరిష్ టీవీ ఛానల్ పెట్టుకోవాలి.

ఇటాలియన్ కూడా మొదట్నుంచీ అందరి నోటా లేదు లెండి. 1861లో ఇటలీ ఒక్కటైనప్పుడు ఇటాలియన్ వచ్చినవాళ్ళు నూటికి రెండున్నర మంది అని ఒక పండితుడి లెక్క, పది దాకా అని ఇంకొకరి లెక్క. మిగతా వాళ్ళవి నాపోలి, వెనిస్, సిసిలీ మాటలు.

ఐరిష్ మొదలుపెడితే ముందే ఒక యాస ఎంచుకోండి. "ఎలా ఉన్నావు" దక్షిణాన "కొనస్ అతా తూ", పడమట "కే ఖ్వీ విల్ తూ", ఉత్తరాన "గజే మర్ అతా తూ". మూడూ కలిపి నేర్చుకుంటే మూడూ రావు. ప్రభుత్వ ప్రమాణ రూపం 1958 నుంచి ఉంది, కానీ అది రాతకే, పలకడానికి కాదు. పరీక్ష కావాలంటే మేనూత్ విశ్వవిద్యాలయం నడిపే టెగ్. ఇటాలియన్‌కి సియెనా వాళ్ళది చిల్స్, పెరూజా వాళ్ళది చెలి. పెళ్ళి ద్వారా గానీ నివాసం మీద గానీ ఇటలీ పౌరసత్వం అడిగేవాళ్ళకి 2018 నుంచి బి1 (మధ్యస్థ) స్థాయి తప్పనిసరి. ఐరిష్ మీద ఉద్యోగం కావాలంటే అనువాదం వైపు చూడండి. 2022 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో దానికి మిగతా భాషలతో సమానంగా పూర్తి హోదా.

#14 శకటరేఫ

కాగితప్పడవ గారూ, నిర్ణయించుకునే ముందు ఒక్క గంట ఈ పని చేసి చూడండి. మాటలు ఇవి: పోక (జేబు), బాద్ (పడవ), త్యఖ్ (ఇల్లు), సూల్ (కన్ను), స్కెల్ (బడి). ఒక్కొక్కదానికీ అతని, ఆమె, వాళ్ళ అని మూడు గడులు నింపండి. మెత్తబడితే ప→ఫ, బ→వ, త→హ, స→హ. ఉరూ అయితే ప→బ, బ→మ, త→ద. నింపుతుంటే సరదాగా అనిపిస్తే ఐరిష్ మీది. చిరాకేస్తే న్యోక్కి గారి దగ్గరికి వెళ్ళండి.

#15 కాగితప్పడవ

నింపాను, చూడండి (అతని / ఆమె / వాళ్ళ):

జేబు: అ ఫోక / అ పోక / అ బోక
పడవ: అ వాద్ / అ బాద్ / అ మాద్
ఇల్లు: అ హ్యఖ్ / అ త్యఖ్ / అ ద్యఖ్
కన్ను: అ హూల్ / అ సూల్ / అ జూల్
బడి: అ హ్కెల్ / అ స్కెల్ / అ జ్కెల్

చిరాకు వెయ్యలేదు. చివరి వరస మాత్రం నోరు తిరగట్లేదు.

#16 శకటరేఫ

మొదటి మూడు వరసలూ సరి. నాలుగో వరసలో మూడో గడి తప్పు. ప→బ, త→ద చూసి స కి జ పెట్టేశారు. ప్రమాణ ఐరిష్‌లో ఉరూ పట్టేది బి, సి, డి, ఎఫ్, జి, పి, టి ఈ ఏడింటికే. ఎస్ ఆ జాబితాలో లేదు. వాళ్ళ కన్ను కూడా "అ సూల్".

అయిదో వరస నోరు తిరగకపోవడంలో మీ తప్పు లేదు, ఐరిష్ వాళ్ళకీ తిరగదు. ఎస్ వెనక సి, పి, టి, ఎమ్ ఉంటే మెత్తబడటం కూడా లేదు. అతని బడి, ఆమె బడి, వాళ్ళ బడి, మూడూ "అ స్కెల్" ఏ. ఎవరి బడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

#17 గోంగూర_న్యోక్కి

ఇటాలియన్‌లో అతని బడైనా ఆమె బడైనా ఎప్పుడూ "లా సూవ స్క్వోల" నే. మేం దీనికి గడులు గీసుకోం. 🙂